మా చెల్లె ఆనర్స్, మా ఇంటి అనుమానాలు

మా చెల్లె డిగ్రీలో చేరిన కొత్తల్లో ఒక సాయంత్రం ఇంటికొచ్చి, "నన్ను ఆనర్స్‌ల తీస్కున్నరు" అంది. మా అమ్మ అప్పుడే కందిపప్పు మిల్లు నుంచి వచ్చి వాకిట్లో కాళ్లు కడుక్కుంటోంది. చెంబు కింద పెట్టి మొట్టమొదట అడిగిన మాట ఏమిటో తెలుసా?

"ఏం జేసినవే?"

"నేనేం జెయ్యలేదమ్మా. తీస్కున్నరు. అందర్ల నుంచి కొంతమందినే తీస్కున్నరు."

"కొంతమందినే ఎందుకు? కడమోళ్లను ఏం జేసిన్రు?"

"కడమోళ్లు మామూలుగ ఇంటికి పోతరు. మాకు క్లాసులైనంక పైన గదిల ఇంకో క్లాసుంటది."

అమ్మ నా మొహం చూసింది. నేను అమ్మ మొహం చూశాను. ఇంకేం చెప్పనక్కర్లేదు. అందరూ ఇంటికి పోయాక వేరే గదిలో ఇంకో క్లాసు అంటే ఏమిటో మా ఇంట్లో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. పదో తరగతిలో నేను కూర్చున్నాను కదా. మా సర్కారు బడిలో పరీక్షలు దగ్గర పడగానే ఫెయిలయ్యేలా ఉన్న పిల్లల్ని ఏరి ఒక గదిలో కూర్చోబెట్టేవాళ్లు. స్పెషల్ క్లాసు అని మర్యాదగా పేరు. మిగతా పిల్లలు కిటికీ దగ్గర నిలబడి మమ్మల్ని చూసి నవ్వి, సంచులు ఊపుకుంటూ పోయేవాళ్లు. ఆ క్లాసు పుణ్యమా అని నేను పది గట్టెక్కాను. ఇంటర్‌లో ఆగిపోయాను, అది వేరే సంగతి.

కానీ మా చెల్లె అట్లాంటి పిల్ల కాదు. చిన్నప్పటి నుంచీ పుస్తకం పట్టుకుంటే అన్నం పిలుపు కూడా వినిపించుకోని రకం. మరి దాన్ని ఎందుకు ఏరారు? కాలేజీకి పోయాక ఏమైనా మొద్దుబారిందా?

ఆ సాయంత్రం నాయిన వచ్చాక అమ్మ చెప్పింది. మా నాయిన తాండూరులో బండలకు పాలిష్ పట్టే చోట పని చేస్తాడు. ఇంటికి వచ్చేసరికి కనుబొమల మీద కూడా తెల్ల దుమ్ము ఉంటుంది. తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ అనుమానపడతాడు. గ్యాస్ సిలిండర్ తెచ్చినవాడు నవ్వితే, వీడెందుకు నవ్విండని ఆ సిలిండర్‌ని మళ్లీ ఎత్తి చూసే మనిషి. అంతా విని, "మంచి పేరే పెట్టిన్రు" అన్నాడు. "ఆనర్స్ అంటే తల్లిదండ్రులు కొట్లాడనీకి రారని."

"నాయినా, అది మంచిగ సదివేటోళ్లకు" అంది చెల్లె.

"మంచిగ సదివేటోళ్లకు మళ్ల క్లాసెందుకు బిడ్డా?"

చెల్లె పుస్తకాల సంచి తీసుకుని లోపలికి పోయింది. ఇప్పుడు ఆలోచించినా నాయిన అడిగిన దాంట్లో తప్పేమీ కనిపించదు.

కాలేజీ వికారాబాద్‌లో. నేను కూడా వికారాబాద్‌లోనే ఒక లేడీస్ టైలర్ దుకాణంలో జాకెట్లు కుడతాను. నిజం చెప్పాలంటే తాండూరులో దుకాణాలు లేక కాదు. చెల్లె ఒక్కతే రైల్లో పోవడం ఎందుకని నాయినే నాకు అక్కడ పని చూశాడు. పొద్దున్నే ఇద్దరం రైలెక్కుతాం. కర్ణాటక నుంచి వచ్చేవాళ్లు అప్పటికే సీట్ల నిండా నిద్రపోతుంటారు. లేపితే కన్నడంలో గొణుక్కుంటూ జరిగి కాస్త చోటిస్తారు. ఆ చోటులో ఇద్దరం ఒకరి మీద ఒకరం కూర్చుంటాం.

మరుసటి రోజు పొద్దున చెల్లె జడ వేసుకుంటుంటే నాయిన నన్ను పక్కకు పిలిచాడు. "ఆ గది కాడికి పొయ్యి చూసి రా. ఎవ్వలకు జెప్పకు. ఏం జెప్తున్నరో, ఎవలు జెప్తున్నరో నాకు గావాలె."

నాకు ఇట్లాంటి పనులంటే మస్తు ఇష్టం. దుకాణంలో తలనొప్పి అని చెప్పి సాయంత్రం కాలేజీకి పోయాను. పైకి పోయే మెట్ల మీద ఆయమ్మ కూర్చుని వక్కపలుకు నములుతోంది. గదులు ఊడ్చేదీ, గంట కొట్టేదీ, తాళాలు వేసేదీ ఆమే. నేను పక్కన కూర్చుని రెండు మాటలు కలిపానో లేదో, ఆనర్స్ కథంతా విప్పింది. ఆ కోర్సు గురించి నేను విన్న మొదటి చరిత్ర అదే.

"అది ఆటల సామాన్ల గది ఉండె బిడ్డా. ఇరిగిన క్యారం బోర్డులు, గాలి వోయిన బంతులు, గవ్వే ఉండె. ఒక దినం యూనివర్సిటీవోళ్లు కార్ల వచ్చిన్రు. మీ తాన ఆనర్స్ పెడ్తం అన్నరు. గప్పుడున్న పెద్దసారు ఎవ్వల్ని అడగకుంట ఊఁ అన్నడు."

"ఎందుకు ఊఁ అన్నడు?"

"ఎవలకెర్క? నెల తిరగకముందే రిటైరైపోయిండు. మంచిగ తప్పిచ్చుకున్నడు. కడమ సార్లేమొ ఎవ్వలు ముందటికి రాలే. పని ఎక్కువ, జీతం గంతే. ఆఖరికి కొత్తగ వచ్చిన మేడం నెత్తిన పెట్టిన్రు. మీ చెల్లెవోళ్లే మొదటోళ్లు. ఈళ్ల మీద చేసి చూస్తున్నరన్నట్టు."

ఈళ్ల మీద చేసి చూస్తున్నరు!

మెల్లగా పోయి కిటికీలోంచి చూశాను. కుర్చీలన్నీ గుండ్రంగా వేసి ఉన్నాయి. మేడం కూడా వాళ్ల మధ్యే ఒక కుర్చీలో కూర్చుంది. బల్ల మీద చాయ్ ఫ్లాస్కు, ప్లాస్టిక్ గ్లాసులు. బోర్డు మీద ఒక్క అక్షరం లేదు. ఒక పిల్ల ఏదో చెప్పింది. మేడం, "ఎందుకు?" అంది. పిల్ల ఇంకేదో చెప్పింది. "అది నీకెట్ల తెలిసింది?" అంది మేడం. ఇంకో పిల్లవాడు కాదు కాదని అడ్డం మాట్లాడాడు. మేడం వాడిని కొట్టలేదు సరికదా, చాయ్ పోసి ఇచ్చింది. అట్లా ఎంతసేపు చూసినా ఆమె ఒక్క ముక్క చెప్పలేదు. అన్నీ పిల్లల్నే అడిగింది.

అక్కడి నుంచి తిన్నగా బస్టాండు దగ్గరున్న పుస్తకాల దుకాణానికి పోయి, ఆనర్స్ గైడ్ ఇమ్మన్నాను. "ఆనర్స్‌కు గైడ్ రాదమ్మా" అన్నాడు దుకాణం అతను. కనీసం ఇంపార్టెంట్ ప్రశ్నలైనా ఉన్నాయా అంటే అవీ లేవట. గైడ్ లేదు, ఇంపార్టెంట్లు లేవు, బోర్డు మీద అక్షరం లేదు. అదెట్లాంటి చదువు?

ఇంట్లో చూసింది చూసినట్టు చెప్పాను.

"ఆమె సదువు జెప్పుతలేదు నాయినా. ఊకె అడుగుతది. పిల్లలు జెప్తున్నరు. ఆమె చాయ్ తాగుతది."

నాయిన కనుబొమల మీది దుమ్ము తుడుచుకుని, "అంటే ఆమెకు రాదు" అన్నాడు.

"మన పోరిని అడిగి నేర్సుకుంటున్నదేమొ" అంది అమ్మ.

చెల్లె పగలబడి నవ్వింది. ఆ తర్వాత నేను దొంగచాటుగా చూడ్డానికి వచ్చానని కోపగించుకుని, రెండు రోజులు రైల్లో నాతో మాట్లాడకుండా కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

సరే, ఇంతలో ఇంకో సంగతి బయటపడింది. మామూలు డిగ్రీ అందరికీ మూడేళ్లు కదా. ఆనర్స్ వాళ్లకు నాలుగేళ్లు! కావాలంటే మూడేళ్లకు మామూలు డిగ్రీ పట్టుకుని బయటికి రావచ్చట, లేకపోతే నాలుగో ఏడు కూడా ఉండాలట. చెల్లె ఈ మాట చెప్పగానే మా ఇంట్లో అందరి అనుమానం ఒక్కసారిగా గట్టిపడింది. ఇక దాచేదేముంది? తెలివైనవాళ్లకు తక్కువ కాలం పట్టాలి, ఎక్కువ పడుతోందంటే అర్థమేమిటి?

మేమే కాదు, ఆటో చాచా కూడా అదే అన్నాడు. చాచా పెద్దేముల్ నుంచి తాండూరుకు షేర్ ఆటో నడుపుతాడు. ఆయన బిడ్డ కూడా చెల్లెతో పాటు ఆ గదిలో కూర్చునేది. ఒకరోజు స్టేషన్ బయట మమ్మల్ని ఆపాడు.

"ఏమ్మా, అందరి పిల్లలకు మూడు సాల్లల్ల అయిపోతది, మన పిల్లలకు నాలుగు సాల్లా? గంత దిమాగ్ తక్కువ పిల్లలా మనోళ్లు?"

"చాచా, అది తక్కువై గాదు, ఎక్కువై" అంది చెల్లె.

"అరె, ఎక్కువుంటే జల్దీ గావాలె గదా బేటా! నా ఆటో మంచిగుంటే పెద్దేముల్ జల్దీ పోత. ఇంజన్ ఖరాబుంటేనే లేటైతది. నాకు సమజైంది. మా బిడ్డను మామూలు క్లాసులకే పంపిస్తున్న. ఇప్పుడు ఇంట్ల అందరికి సుకూన్ ఉన్నది, నిమ్మళంగున్నరు."

చాచా బిడ్డ అట్లా బయటికి వచ్చేసింది. ఆమెను చూసి ఇంకొందరు. గదిలో కుర్చీల గుండ్రం చిన్నదైపోతూ వచ్చిందని చెల్లె చెప్పేది. మా నాయిన కూడా మాన్పించేవాడే. కానీ అప్పుడే పరీక్షల ఫలితాలొచ్చాయి. మొత్తం కాలేజీలో మా చెల్లెదే మొదటి పేరు. చాచా బిడ్డ పేరు కూడా పైనే ఉంది. ఆ గదిలో కూర్చున్నవాళ్లందరి పేర్లూ పైనే ఉన్నాయి.

అంటే మొద్దు పిల్లల క్లాసు కాదు. నేను ఊపిరి పీల్చుకున్నాను. అమ్మ కొబ్బరికాయ కొట్టి వచ్చింది. నాయిన మాత్రం అన్నం ముందు కూర్చుని చెయ్యి పెట్టకుండా అట్లాగే ఉన్నాడు.

"ఏమైంది నాయినా? మంచిదే గదా?"

"మంచిదే. గంత మంచిదైతే మనకెందుకిస్తున్నరు?"

ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. మొద్దు పిల్లలని అనుకున్నప్పుడు ఆయనకు కోపం వచ్చిందంతే. తెలివైన పిల్లలని తెలిశాక భయం పట్టుకుంది. ఊరికే మన ఇంటి దాకా వచ్చిన మంచి వస్తువు ఏదీ ఆయన చూడలేదు మరి. ఏదైనా వస్తే, దాని వెనుక ఎవరో నిలబడి ఉంటారు. ఆ ఎవరో ఎవరు? మేడమేనా?

రెండో ఏడు ఒక శనివారం చెల్లె, "రేపు క్లాసు అనంతగిరి గుట్ట మీద" అంది.

"ఆదివారమా? గుట్ట మీదనా?" అంది అమ్మ. "క్లాసు గుట్ట మీద ఏందే?"

నాయిన నా వైపు చూశాడు. నాకు అర్థమైంది. పొద్దున చెల్లెతో పాటు నేనూ తయారయ్యాను.

వికారాబాద్ నుంచి గుట్ట ఎంత దూరమని. పద్మనాభస్వామి గుడికి పోయే దారి పొడుగునా హైదరాబాద్ కార్లు. ఫొటోలు దిగేవాళ్లు, బండిలో పాటలు పెట్టుకుని గంతులేసేవాళ్లు. రోడ్డు పక్కన కంకులు కాల్చేవాళ్లు, ఉడకబెట్టిన పల్లీలు అమ్మేవాళ్లు, చాయ్ బండ్లు. మేడం పిల్లల్ని అక్కడ దింపి, "మీకు ఏం కనిపిస్తే దాని గురించి అడగండి. నన్ను మాత్రం ఏం అడగొద్దు" అని చెప్పి ఒక చెట్టు కింద కూర్చుంది. పిల్లలు తలో దిక్కు పోయారు. ఆమె సంచిలోంచి పుస్తకం తీసింది. చూశారా, ఇక్కడ కూడా చెప్పలేదు!

చెల్లె కంకులు కాల్చే ఒకామె దగ్గరికి పోయి, నోట్‌బుక్ తెరిచి, "అమ్మా, మీదేవూరు?" అంది. ఆమె విసనకర్ర ఆపేసింది.

"ఎవలు పంపిచ్చిన్రు నిన్ను?"

"ఎవ్వలు పంపలేదమ్మా. కాలేజీ పిల్లను."

"గట్లనే అంటరు. మొన్న గూడ ఒకాయిన ఇట్లనే రాసుకున్నడు. ఈడికెల్లి మమ్మల్ని లేపుతరా ఏంది? నీ బుక్కుల నా పేరు రాస్తే ఊకోను, చెప్తున్న."

పక్కనున్న పల్లీల ఆమె కూడా మూట దగ్గరికి లాక్కుంది. చెల్లె మొహం చూడాలి అప్పుడు! నాకు నవ్వూ వచ్చింది, జాలీ వచ్చింది. "రెండు కంకులియ్యి పెద్దమ్మా, ఉప్పు కారం మంచిగ రుద్దు" అన్నాను. కంకులు తింటూ నేను ఎండ గురించీ, కార్లవాళ్ల బట్టల గురించీ వాగుతూ ఉన్నాను. చెల్లె నోట్‌బుక్ మూసి సంచిలో పెట్టేసి కింద కూర్చుంది. చాలాసేపటికి, "ఆదివారం గాకుంట కడమ రోజులు ఏం జేస్తవ్ పెద్దమ్మా?" అంది మెల్లగా.

"ఏం జేస్త? ఇంతకముందు పత్తి ఏరనీకి పోయేదాన్ని. ఇప్పుడు ఆదివారం కోసం వారమంత కంకులు జమ చేసుకునుడే అయితది. ఊర్ల పత్తి ఏరేటోళ్లు దొరుకుతలేరని నా మీద ఏడుస్తరు."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో దాని కళ్లు మెరుస్తున్నాయి. "అక్కా, ఆదివారం బేరం వచ్చి ఊరి కూలిని మార్చిందే! ఎంతమందిని మార్చిందో, ఎట్ల మార్చిందో అడగాలె" అంది. ఆ రోజు నుంచి అదే పని. గుట్ట కింది ఊళ్లకు పోవడం, అడగడం. పోయిన ప్రతిచోటా దాన్ని అనుమానంగా చూసేవాళ్లే.

మూడో ఏడు నడుస్తుండగా ఆయమ్మ ఒకరోజు మా దుకాణం ముందు ఆగి, లోపలికి తల పెట్టి గుసగుసలాడింది. "ఎర్కనా నీకు? పిల్లలు తగ్గిపోయిన్రని యూనివర్సిటీవోళ్లు కోపమైతున్నరంట. నాలుగో ఏడుకు సరిపడ పిల్లలు లేకుంటే ఆనర్స్ మూసేస్తరంట. మేడంది పర్మనెంట్ గాదు, కాంట్రాక్టు. కోర్సు బోతే ఆమె గూడ బోతది."

అప్పుడు నాకు అన్నీ కలిసిపోయాయి. చెల్లెను నాలుగో ఏడు ఉండమని మేడం ఎందుకు అంత గట్టిగా చెప్తోందో, మొన్న మా ఇంటికి ఫోన్ చేసి నాయినతో అంత మర్యాదగా ఎందుకు మాట్లాడిందో తెలిసిపోయింది. దొరికింది! వెనుక నిలబడిన మనిషి దొరికింది!

ఇక విచిత్రం చూడండి, ఆ వారంలోనే మేడం మా దుకాణానికి జాకెట్ కుట్టించుకోడానికి వచ్చింది. నేను ఆ పిల్ల అక్కనని ఆమెకు తెలుసు. మా ఓనరక్క నన్నే కొలత తీయమంది. టేపు తీసుకున్నాను. నా నోరు ఊరుకుంటుందా?

"చెయ్యి లేపుండ్రి మేడం. మా చెల్లెను మస్తు మెచ్చుకుంటరంట గదా."

"ఎవరన్నారు? నేను ఎక్కువ కోప్పడేది ఆమె మీదే."

"నాలుగో ఏడు ఉండుమంటున్నరంట."

"అవును, ఉండాలి."

టేపు భుజం మీదికి తెచ్చాను. "పిల్లలు తక్కువైతే ఆనర్స్ మూసేస్తరంట. అప్పుడు మీ ఉద్యోగం గూడ…"

ఓనరక్క మిషన్ ఆగిపోయింది. ఆమె కోప్పడుతుందనుకున్నాను, గుడ్డ తీసుకుని వెళ్లిపోతుందనుకున్నాను. మేడం అద్దంలోంచి నన్ను చూసింది.

"నిజమే. నా ఉద్యోగం కోసం కూడా ఉండమంటున్నా. దానికోసం కాదని చెప్తే అబద్ధమైతది."

"దాని కోసం గూడ అంటే, ఇంకోటేంది?"

"చెప్తే నమ్ముతావా?"

"నమ్మను మేడం."

"మరి చేతి పొడుగు రాసుకో. మోచెయ్యి దాటొద్దు."

ఆ జాకెట్ చాలా జాగ్రత్తగా కుట్టాను. ఎందుకో తెలియదు.

ఇంట్లో చెప్పగానే నాయిన తొడ చరిచాడు. "చూసిన్రా? నేను మొదట్నే అన్న. ఆమె ఉద్యోగం నిలవడనీకి నా బిడ్డ ఒక ఏడు పోగొట్టుకోవాల్నా?" అప్పటికే తాండూరులో అమ్మ పనిచేసే మిల్లు సేటు, ఆఫీసులో కంప్యూటర్ మీద కూర్చోడానికి డిగ్రీ పిల్ల కావాలని అడుగుతున్నాడు. ఇంటికి దగ్గర, రైలెక్కే పని లేదు. నాయిన ఖరారు చేసేశాడు. మూడేళ్లకు డిగ్రీ తీసుకుని చెల్లె బయటికి వచ్చేయాలి.

"నేను ఉంట నాయినా" అంది చెల్లె.

"ఎవ్వల కోసం ఉంటవ్? ఆమె కోసమా?"

"నా కోసం."

"నీ కోసమైతే జెప్పు మరి. నాలుగో ఏట్ల నీకు ఏమొస్తది?"

"నేను షురూ చేసిన పని సగంల ఉన్నది. అది పూర్తి చేస్త."

"పూర్తి చేస్తే ఏమొస్తది?"

చెల్లె ఏడవలేదు. అది ఏడిస్తే నాయిన కరిగేవాడే. పళ్లెం తీసుకుని లేచిపోయింది. తర్వాత చాలా రోజులు మా ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. రైల్లో నా భుజం మీద తల పెట్టి పడుకునేది, అది కూడా మానేసింది. దాని చదువు ఆగిపోతే ఏమవుతుందో నాకు తెలుసు. నేను ఆగిపోయినదాన్నే కదా. కానీ మేడం మాటల్లో ఏది ఎంత నిజమో నాకూ తేలలేదు, ఇక నాయినతో ఏమని చెప్పను?

మూడో ఏడు చివర్లో పిల్లలు తాము చేసిన పని అందరి ముందూ చెప్పాలట. ఇంటివాళ్లను కూడా పిలిచారు. నాయిన పెళ్లిళ్లకు వేసుకునే చొక్కా వేసుకుని వచ్చాడు. చెల్లె చెప్పేది వినడానికి కాదు, ఆ రోజే దాన్ని మాన్పించే కాగితాల సంగతి తేల్చుకుందామని. ఆ గదిలో చివరి వరుసలో నాయిన, అమ్మ, నేను. ముందు యూనివర్సిటీ నుంచి వచ్చిన ఒక ప్రొఫెసరు సారు.

చెల్లె లేచి, గుట్ట కింది ఊళ్ల గురించి చెప్పింది. ఆదివారం బేరం వచ్చాక ఎవరు కూలి మానారు, ఎవరు మానలేకపోయారు, కంకులు ఎక్కడి నుంచి వస్తున్నాయి. నాకు చాలావరకు అర్థమైంది, ఎందుకంటే అది రైల్లో నాకు వందసార్లు చెప్పిందే. తర్వాత ఆ సారు మొదలుపెట్టాడు.

"వానకాలంలో ఎవరూ రారు కదా, అప్పుడు పోయి అడిగావా?"

"లేదు సార్."

"వాళ్లు నీకు నిజమే చెప్పారని ఏమిటి నమ్మకం?"

"లేదు సార్. మొదట నన్ను చూసి భయపడ్డరు. బండ్లు తీపిస్తానేమో అనుకున్నరు. భయంతో చెప్పింది ఎంత, నిజం ఎంత, నాకు ఇంకా తెలవదు."

నాయిన నా చెవిలో, "గింతమంది ముందట తెల్వదంటదేంది?" అన్నాడు. సారు ఇంకా అడుగుతూనే ఉన్నాడు, చెల్లె ఒక్కోదానికి జవాబు చెప్తూ, కొన్నిటికి తెలియదంటూ నిలబడింది. నేను పదో తరగతిలో తెలియదని చెప్పడానికి తల వంచుకునేదాన్ని. ఇది తల ఎత్తి చెప్తోంది! ఆ ఒక్కసారి నా కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎవరూ చూడకుండా కొంగుతో తుడుచుకున్నాను.

అంతా అయ్యాక నాయిన మేడం ముందుకు పోయి నిలబడ్డాడు. ఆమె ఏమేం చెప్తుందో, దానికి తను ఏమేం అనాలో దారంతా అనుకుంటూ వచ్చాడు.

"మేడం, మా బిడ్డను మూడేండ్లకే ఇడిపిస్త."

మేడం ఒక్క క్షణం చెల్లెను చూసింది. తర్వాత, "సరే అన్నా" అంది. "మీ ఇష్టం. ఆఫీసుల చెప్తా. ఈ రోజే రాసిచ్చి పొండి, మళ్లీ రాకుండా."

నాయిన చెల్లె వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.

"ఇయ్యాల్నే?"

"ఇయ్యాల్నే. అయిదు నిమిషాల పని."

"అంటే… ఇంగ ఉండుమనరా?"

"మీరు వద్దన్నారు కదా."

"మరి మా బిడ్డ జాగల ఎవలొస్తరు?"

"అది మేం చూసుకుంటం. మీరేం ఫికర్ చెయ్యకండి."

ఫికర్ చెయ్యకండి! ఆ మాట అనకపోయినా బాగుండేదేమో. నాయిన మొహంలో నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్న ఆ చూపు వచ్చింది. రెండడుగులు వెనక్కి వేసి, "రేపు జెప్త" అని, మమ్మల్ని ముగ్గురినీ తోలుకుని మెట్లు దిగేశాడు.

రైలెక్కాం. బండి కదిలాక మెల్లగా మొదలుపెట్టాడు.

"నిన్నటిదాంక ఉండుమని పానం తిన్న మనిషి, ఇయ్యాల పొమ్మంటె పొమ్మన్నది. ఎందుకంటవ్?"

"నువ్వే గదా ఇడిపిస్తన్నవ్" అంది అమ్మ.

"నేనంటె? ఒక్క మాట అడ్డం జెప్పకుంట ఇస్తరా ఎవలన్న? బేరం ఆడకుంట బండ ఇచ్చేటోని కాడ నువ్వు కొంటవా? ఏదో ఉన్నదాంట్ల."

"దేంట్ల?"

"నాలుగో ఏట్ల. మనోళ్లను మంచిగ తప్పిచ్చి, ఎవలనో తెచ్చి పెట్టుకుందామని చూస్తున్నరు. మేం చూసుకుంటం అన్నది, ఇనలే? ఏం చూసుకుంటరు? నా బిడ్డ మూడేండ్లు గుట్టలు ఎక్కి దిగింది. ఇంగెవడో వచ్చి దాని మీద కూసుంటడా?" గొంతు పెరిగింది, ఎదుటి సీటులో నిద్రపోతున్న కన్నడ తాత కళ్లు తెరిచాడు. "ఇడిసేదే లేదు. ఉండాలె. సేటుకు నేను జెప్పుకుంట."

అమ్మ నుదురు కొట్టుకుంది. నేను చెల్లె వైపు చూశాను. అది కిటికీలోంచి బయటికి చూస్తోంది. సంతోషంతో ఎగిరి గంతేయాలి కదా? నాయినను పట్టుకుని ఏడవాలి కదా? ఏమీ లేదు. మొదటి నుంచీ తెలిసినదానిలా కూర్చుంది.

అప్పుడు నాకు ఇంకో అనుమానం పుట్టింది. ఉండమంటే ఉండనివ్వడు, పొమ్మంటే పోనివ్వడు, అది మా నాయిన సంగతి. ఈ సంగతి మేడంకు ఎట్లా తెలుస్తుంది? మా ఇంట్లోవాళ్లు ఎవరో చెప్తే తప్ప?

తాండూరులో దిగి, నాయిన, అమ్మ ముందు నడుస్తుంటే, నేను చెల్లె చెయ్యి పట్టుకుని ఆపాను.

"నిజం జెప్పు. నువ్వే గదా మేడంకు చెప్పింది? ఇట్ల అనుమని?"

"ఎట్ల?"

"సరే అన్నా, ఇయ్యాల్నే రాసిచ్చి పొండి అని."

అది నన్ను సూటిగా చూసింది. నవ్వుతోందా లేదా అని వెతికాను, ఏమీ దొరకలేదు.

"అక్కా, నాలుగో ఏడు లైబ్రరీ బుక్కులు మస్తుంటయంట. పాత సంచి పట్టదు. గట్టిది ఒకటి కుట్టిస్తవా?"

కుట్టాను. దుకాణంలో మిగిలిన మందం గుడ్డతో, లోపల రెండు అరలు పెట్టి. ఇప్పుడు నాలుగో ఏడు నడుస్తోంది. ఆ గదిలో మిగిలినవాళ్లు కొద్దిమందే, అయినా యూనివర్సిటీవాళ్లు ఆనర్స్ మూయలేదు. ఈ ఏడాది కింది తరగతిలో కొత్త పిల్లలు చేరారు. రోజూ పొద్దున అది ఆ సంచి ఒళ్లో పెట్టుకుని రైల్లో నా పక్కన కూర్చుంటుంది, నేను దాని మొహం వైపు చూస్తూనే ఉంటాను.